మియాదు

జడ్చర్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట
రేకుల కింద, ముప్పయ్యొక్క ఏండ్ల సంది
కాగితాల మీద చెలకలు కోస్తున్న, కలుపుతున్న.
తూర్పున డొంక, పడమర ఎల్లప్ప చెలక,
ఉత్తరాన ఎండిన వాగు.
హద్దులు నా చేతికి తెలుసు.
బంతాట తెల్వదు.

కురుమూర్తి పద్నాలుగు పేజీలు చేతుల పెట్టి
స్టూలు మీద కూసున్నడు.
పంతొమ్మిదేండ్ల పోరడు. మోకాలు ఊగుతనే ఉంది,
కూసున్న కాడ కూడ ఉరుకుతున్నట్టు.
వెనక బుచ్చమ్మ. కూసో అంటే కూసోలే.
"జర చూడు ఖాజా సాబ్, క్లబ్బోల్లు పొడిగిస్తరంట.
పొద్దుమీకే లోపల సంతకం గావాలంట."

అద్దాలు తుడుచుకొని చదివిన.
ఇంగ్లీషు మందంగ ఉంది గని
కౌలు కాగితం ఏ భాషల రాసినా కౌలు కాగితమే.
మూడేండ్లు. ఆ మీద ఇంకో ఏడు,
క్లబ్బుకు ఇష్టమైతే.
ఆడ ఆగిన.

"నీకు ఇష్టం లేకుంటే?"
మోకాలు ఆగింది.
"అట్ల రాయలే సార్."
"నాలుగో ఏడు జీతం?"
"మూడో ఏటిదే."
"కాలు పోతే?"
రెండు నెలలు పూరా, మరి రెండు నెలలు సగం,
ఆ తర్వాత తెల్ల జాగ.
తెల్ల జాగంటే నాకు భయం.
నా పనిల మోసమంతా ఆడనే మొలుస్తది.

బుచ్చమ్మ నా ఇంకు ప్యాడు దిక్కే చూస్తుంది.
బొటనవేలు కొంగుల దాసుకుంది.

గప్పుడు యాదికొచ్చింది.
కరువు ఏడు. గిదే రేకు.
మేస్త్రి లారీకి సరిపడ మందిని తోలుకొచ్చి
వరుసల నిలబెట్టిండు.
తలా ఎనిమిది వేలు బయానా,
పుణె అవతల కాలువ పని.
మియాదు కాడ ఏం రాయాలె అంటే
"బాకీ తీరేదాంక" అన్నడు.
రాసిన.
నా దస్తూరి ముత్యాల లెక్క ఉంటదని పేరు.
చదివి వినిపియ్యలే. ఎవ్వరూ అడగలే.
యాభై రూపాయలు జేబుల పెట్టుకున్న.
బుచ్చమ్మ మొగనిది పదకొండో ముద్ర.
కురుమూర్తి ఆ కాలువ గట్టు మీదనే పుట్టిండంట,
క్యాంపుల నూనె డబ్బా తన్నుకుంట పెరిగిండంట,
నేను రాసిన మియాదు లోపలనే.

ఇయ్యాల చదివిన. గట్టిగ. ఒక్కో మాట.
బాదేపల్లి మార్కెట్‌కు పల్లికాయ బండ్లు
హారన్ కొట్టుకుంట పోతున్నా,
పక్క లేఖరి ముసిముసిగ నవ్వుతున్నా.
పెన్సిల్‌తోని అంచుల రాసిన:
నాలుగో ఏడు ఇద్దరి ఇష్టం.
లేదంటే ఇరవై ఆటలు ఆడినంక దానంతట అదే,
జీతం పెంచి.
దెబ్బ తాకితే మానేదాంక పూరా.
పెద్ద క్లబ్బు అడిగితే విడుపు ఎంతకో
ఇప్పుడే అంకె వెయ్యాలె,
అంకె లేని విడుపు విడుపే కాదు.

"గిన్ని అడిగితే అసలుకే వద్దంటరేమో."
ఆ భయం నాకు పాతదే.
ఈ రేకు కింద అందరూ దాన్ని మింగే
ఇంకుల వేలు ముంచిండ్రు.
బుచ్చమ్మ నోరు తెరిచింది:
"అంటే అననియ్యి. మీ నాయన ఒక్కసారి సుత అడగలే."
పోతూ పోతూ ఫీజెంతన్నది.
యాభై అననీకి నోరు రాలే.

ఆ పొద్దుమీకి సంతకం కాలే.
తొమ్మిదో రోజు ఫోన్ చేసిండు.
ఇరవై ఆటలు ఇరవై అయిదయినయంట.
అంకె వేసిండ్రంట, పెద్దదే.
దెబ్బకు ఆరు నెలలు. మానేదాంక కాదు.
ఇద్దరి ఇష్టం మాత్రం రాలే.

"పెట్టనా సార్?"
నాది రాసే చెయ్యి. ఆడే కాలు వానిది.
"తెల్ల జాగలున్నయా?"
"లేవు సార్.
అన్నిట్ల అడ్డం గీత కొట్టించిన."